రంగుల కంపెనీ ముగ్గు

మా వీధి మొదట్లో నీళ్ళ ట్యాంకును ఆనుకుని ఉన్న ఎత్తయిన గోడ మీద పోయిన నెల ఒక ఆడమనిషి మొహం వెలిసింది. వెలిసింది అనే మాట తెలిసే వాడుతున్నాను, ఎందుకంటే చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారంటే కడలూరు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేసరికి, అంతవరకూ పాచిపట్టి పోస్టర్ల పీలికలు వేలాడుతుండే ఆ గోడ మూడంతస్తుల ఎత్తున ఒక తల్లి మొహంగా మారిపోయి ఉంది. అరమూసిన కళ్ళు, బండిచక్రమంత బొట్టు, చాచిన అరచేతిలోంచి రాలుతున్న బియ్యపుగింజలు. కింద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ, అన్నం పెట్టే చేతికి మా నమస్కారం అని రాసి ఉంది. బొమ్మ బాగుంది, కాదంటే కళ్ళు పోతాయి. పిల్లలూ పెద్దలూ దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, నా కళ్ళు మాత్రం ఆ తల్లి మొహాన్ని వదిలేసి తిన్నగా కింది మూలకు పోయాయి, అక్కడ ఏ కంపెనీ పేరు ఉందో చూడడానికి. పెళ్ళిలో వచ్చిన బిందెను తిప్పి, ఎవరు పేరు కొట్టించి ఇచ్చారో చూసే బుద్ధి లాంటిది ఇది. మంచి బుద్ధి కాదని తెలుసు గాని ఈ వయసులో ఇక పోదు.

నా ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, కంపెనీలు గోడల మీద నీతులు రాయించడం ఇవాళ కొత్తగా పుట్టిన ముచ్చట కాదు. సబ్బులవాళ్ళు సబ్బు కొనండి అని, పళ్ళపొడివాళ్ళు పళ్ళపొడి కొనండి అని దాపరికం లేకుండా రాసుకునే రోజులు పోయి, ఏ సరుకూ కొనమనకుండా చెట్టును పెంచండి, తల్లిని గౌరవించండి అని రాయించి కింద పేరు పెట్టుకునే రోజులు ఎప్పుడు మొదలయ్యాయో సరిగ్గా చెప్పలేను. మా ఒర్లియంపేట వీధికి మాత్రం అవి నేను ఊరి చివర మేట్టుపాళయంలో ఒక రంగుల కంపెనీలో టైపిస్టుగా పని చేస్తున్న కాలంలో వచ్చాయి. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. పొద్దున్నే టిఫిను డబ్బాతో బస్సెక్కి పోయి, సాయంత్రం జుట్టు నిండా టర్పెంటైను వాసనతో ఇల్లు చేరేదాన్ని. అమ్మ నన్ను స్నానం చేయనిదే వంటింట్లోకి రానిచ్చేది కాదు.

మాది తరాల కిందట తెలుగుసీమ నుంచి దిగివచ్చి ఈ ఊళ్ళో పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని అందులో సగం అరవం, అరవయ్యేళ్ళ పెద్దవాళ్ళకు కూడా తెలుగులో సంతకం చేయడం రాదు. నాకు నాలుగక్షరాలు వచ్చాయంటే మా ఊరి పాలన కిందే ఉన్న యానాం నుంచి బదిలీ మీద వచ్చి, మా మిద్దె మీద అద్దెకున్న ఉద్యోగి భార్య పుణ్యం. ఆవిడ మధ్యాహ్నాలు తోచక నన్ను కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దించేది, బదులుగా మా అమ్మ దగ్గర పులికొళంబు పెట్టడం నేర్చుకుంది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత కంపెనీవాళ్ళు మా వీధి గోడ మీద తెలుగులో కూడా నాలుగు మాటలు రాయించారు, మా వీధి ఆడవాళ్ళను పొగుడుతూ రాసిన ఆ మాటలను మా వీధి మొత్తానికి చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

మా ఇంటికి ఎదురిల్లు పెద్దమ్మది. మా అమ్మకు తోడబుట్టిన అక్క. పెదనాన్నకు గాంధీ వీధి వైపు సందులో చిన్న కుట్టుమిషను కొట్టు ఉండేది. వాళ్ళకు ఒక్కడే కొడుకు, నాకు అన్న, నేను పనిచేసే కంపెనీలోనే డబ్బాలు సర్దే విభాగంలో తాత్కాలికంగా చేరాడు. ఇవాళ కాకపోతే రేపు పర్మనెంటు చేస్తారన్న ఆశ ఒక్కటే ఆ ఇంటికి దీపంలా ఉండేది. పెదనాన్నకు చూపు మందగించి సూదిలో దారం ఎక్కించడం కష్టమైపోతున్న రోజులవి.

పెద్దమ్మ ముగ్గు గురించి చెప్పాలి. ఈ ఊళ్ళో అందరూ ముగ్గు వేస్తారు, కోలం అన్నా ముగ్గు అన్నా ఆ తెల్లటి పిండే. కాని పెద్దమ్మ చేతిలో గీత వంకర పోయేది కాదు, తెగేది కాదు. వాళ్ళ గడప ముందు నల్లరాతి పలక ఒకటి ఉండేది. తెల్లవారకముందే పెదనాన్న చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ పలక మీద చల్లి, చీపురుతో ఊడ్చి, గోడ పక్కకు తప్పుకుని నిలబడేవాడు. పెద్దమ్మ చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోయేది. ఆ కాసేపే వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది. కొడుకు ఉద్యోగం, మిషను బెల్టు, పాలవాడి మోసం, ఎవరింట్లో ఏ గొడవ, అంతా అప్పుడే. కిటికీలోంచి నాకు మాటలు సరిగ్గా వినపడేవి కావు గాని ఆ గుసగుస వింటూనే నేను నిద్ర లేచేదాన్ని. తర్వాత రోజంతా ఆయన కొట్టులో, ఆవిడ వంటింట్లో.

ఇలా ఉండగా మా కంపెనీకి ఒక ఆలోచన వచ్చింది. కార్మికులు ఎక్కువగా ఉండే వీధినొకదాన్ని ఎంచుకుని, దాని గోడల మీద మంచి బొమ్మలు, మంచి మాటలు రాయించి ఆదర్శవీధిగా తీర్చిదిద్దాలని. దాన్ని చూసుకునే ఆఫీసరు యానాం మనిషి, నలభై ఏళ్ళవాడు, మాటమాటకీ అండీ అనేవాడు. నేను మా వీధినుంచే వస్తానని తెలిసి చాలా సంతోషపడ్డాడు. మద్రాసు నుంచి ఒక చిత్రకారుణ్ణి పిలిపించారు. గోడల మీద చదువుకునే పిల్ల, చెట్టుకు నీళ్ళు పోసే పిల్లవాడు, దీపం పట్టుకున్న ఇల్లాలు వచ్చాయి. అంతటితో ఆగిపోయి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. ఆఫీసరుకు మా వీధి ముగ్గులు నచ్చాయి. ప్రతి ఇంటి గడప ముందూ ఆ ఇంటావిడ చేతి ముగ్గునే, చెరిగిపోని ఎనామెల్ రంగుల్లో, శాశ్వతంగా వేయిద్దామని అతని తలపు. దాని పక్క గోడ మీద మూడు భాషల్లో, ఇల్లాలి శ్రమకు వందనం అని.

అతను కపటంతో ఈ పని చేశాడని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. వీధిలో ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి మాట్లాడిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాళ్ళమ్మ యానాంలో రోజూ అంతంత వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి పెట్టి నడుము వంగిపోయిందనీ, ఆవిడకు చెయ్యలేకపోయిన పని మీకు చేస్తున్నాననీ చెబుతూ అతను కళ్ళు తుడుచుకున్నాడు. అబద్ధమాడేవాడు అలా తుడుచుకోడు. వీధిలో ఆడవాళ్ళు కూడా సంతోషించారు. మోకాళ్ళ నొప్పులతో మూలిగే మా అమ్మయితే, పొద్దున ఇంకో అరగంట పడుకోవచ్చని, కంపెనీ చల్లగా ఉండాలని దీవించింది. తెలతెలవారుతూనే వంగి ముగ్గు పెట్టడంలో ఎంతో అందం ఉందని రాసేవాళ్ళు, ఆ వంగేది తామైతే అప్పుడు రాయాలి.

చిత్రకారుడు ఒక్కో ఇంటికీ వచ్చి, ఆ ఇంటావిడతో పిండిముగ్గు వేయించి, దాని మీదే రంగు దిద్దుకుంటూ పోయాడు. పెద్దమ్మ గడపకు వచ్చేసరికి అతను చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఎర్ర, పసుపు, తెలుపు కలిపి అద్భుతంగా దిద్దాడు. ఆరిన తర్వాత అది నల్లరాతి మీద పట్టుచీర పరిచినట్టు మెరిసింది. పక్క వీధుల వాళ్ళు చూడడానికి వచ్చారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి అందరికీ మజ్జిగ ఇచ్చింది, ఆవిడ మొహంలో అంత గర్వం నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాటి పొద్దున మాత్రం నాకు గుసగుస వినపడలేదు. కిటికీ తెరిచి చూస్తే, అలవాటు కొద్దీ ఇద్దరూ లేచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. చల్లడానికి నీళ్ళు లేవు, కలపడానికి చుక్కలు లేవు. కాసేపు ఆ మెరిసే ముగ్గునే చూసి, పెదనాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు ఇద్దరూ ఆలస్యంగా లేవడం నేర్చుకున్నారు.

ఆ ఏడు వానలు వెనకబడ్డ రోజుల్లో పెదనాన్న పోయాడు. కొట్టులోనే, మిషను మీదికి వాలి, పక్క కొట్టువాడు చూసేలోపే ప్రాణం పోయింది. రిక్షాలో తీసుకొచ్చి ఇంటి ముందు దించుతున్నప్పుడు పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి గడప దగ్గర ఆగిపోయింది. ఆవిడ అన్న మొదటి మాట నాకు ఇవాళ్టికీ చెవిలో ఉంది. “ముగ్గు తీయండిరా. ముందు ఆ ముగ్గు తీయండి.”

చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండకూడదన్న సంగతి మీకు తెలుసు. కర్మ పూర్తయ్యే పదహారో నాటిని మా వాళ్ళు కరుమాది అంటారు, ఆ రోజు దాకా గడప ఖాళీగా ఉండాలి. మొదటిరోజు సరే, పందిరి ఉంటుంది, చావుడప్పు మోత ఉంటుంది, దారిన పోయేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఇంట్లో దుఃఖం ఉందని చెప్పేది ఆ ఖాళీ గడప ఒక్కటే. అది చూసి కూరగాయలమ్మి గొంతు తగ్గిస్తుంది, పేరంటానికి పిలవవచ్చినావిడ వెనక్కి మళ్ళుతుంది, ఎప్పుడో తగువుపడ్డ మనిషి లోపలికి వచ్చి కూర్చుంటుంది.

అమ్మా నేనూ మరికొందరమూ బిందెలతో నీళ్ళు పోశాం, కొబ్బరిపీచుతో తోమాం. ఎనామెల్ రంగు పోతుందా? తోమినకొద్దీ దుమ్ము వదిలి ఇంకా నిగనిగలాడింది. మా కంపెనీ సరుకు నాణ్యత ఎలాంటిదో ఆ రోజు కళ్ళారా చూశాను. చివరికి ఇసక తెచ్చి పరిచారు, పాడె మోసేవాళ్ళ కాళ్ళ కింద అది చెదిరిపోయి, పెదనాన్న ఆ ఎర్ర పసుపు పువ్వుల మీదుగానే ఇల్లు దాటాడు.

ఆ తర్వాత రోజూ ఇసక పరచడం, అది గాలికీ కాళ్ళకూ చెదిరిపోవడం. అలాంటి ఒక మధ్యాహ్నం, వచ్చిన చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళి, ఇంట్లో పెద్దమ్మ, వంటింట్లో నేను మాత్రమే ఉన్నప్పుడు విల్లియనూరు పిన్నమ్మ వచ్చింది. మా అమ్మకూ పెద్దమ్మకూ వరసకు చెల్లెలు. కూతురి పెళ్ళి పిలుపులకని భర్తతో కలిసి తిరువణ్ణామలై వైపు వెళ్ళింది, చావుకబురు వాళ్ళింటికి చేరేసరికి ఆవిడ ఊళ్ళో లేదు. భర్త దారిలో తమ ఊళ్ళో దిగిపోతే, తను ఇంటికైనా పోకుండా నేరుగా మా వీధికి వచ్చింది. అందరిలాగే ఆవిడా ముందు గడప వైపు చూసి ఉంటుంది. ముగ్గు కనిపించింది. నవ్వు మొహంతో, పసుపుకుంకుమలూ శుభలేఖా ఉన్న పళ్ళెంతో లోపలికి వచ్చేసింది. మా వాళ్ళలో కరుమాది దాకా బొట్టూ గాజులూ తీయరు గనుక, మూలన కూర్చున్న పెద్దమ్మను చూసినా ఆవిడకు అనుమానం రాలేదు.

“ఏందక్కా ఈ వేళప్పుడు కూర్చోనుండావు? బావ యాడ? పిలువు, ఇద్దరూ కలిసి తీసుకోవాల.”

నేను వంటింట్లోంచి పరుగున వచ్చాను గాని అప్పటికే పళ్ళెం పెద్దమ్మ ముందు ఉంది. పెద్దమ్మ ఏడవలేదు. ఆ పళ్ళేన్ని రెండు చేతులతో మెల్లిగా పక్కకు జరిపి, “నీ బావ లేడు మే” అంది. పిన్నమ్మ అరిచిన అరుపుకు వీధి వీధంతా వచ్చింది. నోరు కొట్టుకుంటూ, నేను ముగ్గు చూసి వచ్చినా, ముగ్గు చూసే కదా వచ్చినా అని పదే పదే అనడమే తప్ప ఆవిడ ఇంకోమాట అనలేకపోయింది. శుభకార్యం తలపెట్టినావిడ, అపశకునం తన ఇంటికి చుట్టుకుంటుందన్న భయం ఒకవైపు, అక్కను అలా అడిగానే అన్న సిగ్గు ఒకవైపు. పెద్దమ్మే లేచి ఆవిడ వీపు నిమిరింది.

అదే వారంలో ఆఫీసరు పరామర్శకు వచ్చాడు. చెప్పులు వీధిలోనే విడిచి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వచ్చి, పెదనాన్న పటానికి దండం పెట్టుకున్నాడు. చాలాసేపు కూర్చున్నాక, వచ్చే వారం కంపెనీ ఛైర్మన్ వీధి చూడడానికి వస్తున్నాడనీ, పత్రికలవాళ్ళు కూడా వస్తున్నారనీ చెప్పాడు. ఆ వీధిలో అందరికంటే అందమైన ముగ్గు పెద్దమ్మదే, ఫోటో దానికే తీయాలని ముందే అనుకున్నారు. అంతవరకు గోనెపట్టా కప్పి ఉంచి, ఆ ఒక్క పూటా తీసి, మళ్ళీ కప్పేస్తే ఎలా ఉంటుందండీ అని అడిగాడు. అన్న వైపు చూసి, ఈ కార్యక్రమం బాగా జరిగితే అబ్బాయి పేరు పైకి పంపడానికి తనకూ వీలవుతుందని అన్నాడు. బెదిరింపుగా అనలేదు, మేలు చేయాలనే అన్నాడు. కాని అలాంటి మాట ఒకసారి గదిలో పడ్డాక వెనక్కి పోదు కదా.

అతను వెళ్ళాక అన్న పెద్దమ్మ ముందు కూర్చున్నాడు. అంత పెద్దవాడు, మీసాలున్నవాడు, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

“ఒక్క వారం ఓర్చుకోమ్మా. పెద్దాయన వచ్చి పోనీ. ఆమీద నేనే పగలగొట్టేస్తా.”

పెద్దమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టింది. “ఆయన వచ్చి పొయ్యేలోపల కరుమాది వచ్చేస్తాది, ఆమీద తీస్తే మీ నాయనకు ఏంది రా? అప్పుడు తీసేది ఉత్త రంగు.”

వాడికి కోపం వచ్చింది. చనిపోయినవాడి కోసం బతికున్నవాడి తిండి తీస్తావా అని అరిచాడు. అది తప్పుమాట అని ఇప్పటికీ నేను అనలేను. వయసైన తల్లిని వాడే సాకాలి, తండ్రి సంపాదన ఆగిపోయింది, పర్మనెంటు కాకపోతే ఏ రోజు రావద్దంటారో తెలియదు. పెద్దమ్మకూ ఇదంతా తెలుసు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదని మర్నాడు అమ్మ చెప్పింది. గడప ఖాళీ చేస్తే కొడుకు బతుకు ఏమవుతుందో అన్న బెంగ, చేయకపోతే ముప్పై ఏళ్ళు తోడున్నవాడికి ఆ మాత్రం మర్యాద దక్కలేదే అన్న బాధ. ఈ రెంటి మధ్యా ఆవిడను అలా నలగగొట్టిన వస్తువు, ఆవిడ శ్రమకు వందనంగా వేసిన ముగ్గు.

ఆ రోజుల్లో రోళ్ళకూ మసాలా నూరే అమ్మికల్లులకూ కక్కు కొట్టే ఆడవాళ్ళు వీధుల్లో కేకలు వేస్తూ తిరిగేవారు. నునుపెక్కిన రాతిని ఉలితో గంట్లు పెట్టి మళ్ళీ గరుకు చేసి ఇస్తే మసాలా బాగా నలుగుతుంది. మిక్సీలు వచ్చాక ఆ కేక వినపడడం లేదు. అలా పోతున్న ఒకావిడను పెద్దమ్మ మరుసటి ఉదయం కేకేసి పిలిచి, రోలు చూపించకుండా గడప ముందు రాయి చూపించింది. ఆవిడ ఉలి చేతిలో పట్టుకుని ఆ రంగులన్నీ చూసి, ఇంత అందంగా ఉందే తాయీ, మనసు రావడం లేదని తమిళంలో అంది. “నాకూ రావడం లేదమ్మా, నువ్వు కొట్టు” అంది పెద్దమ్మ. తాత్కాలికులకు మైల సెలవులు లేవు గనుక డ్యూటీకి బయల్దేరుతున్న అన్న గుమ్మంలో ఆగిపోయాడు. వద్దంటాడేమోనని నేను ఎదురుగా మా ఇంటి మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. వాడు ఉలిదెబ్బలకు ఎగిరి తన చెప్పుల మీద పడ్డ రంగుపెచ్చులు దులుపుకుని, బస్సుకు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఆ నల్లరాయి పొక్కులు పొక్కులుగా, బూడిదరంగుగా, ఖాళీగా మిగిలింది. వీధిలో అన్ని గడపలూ మెరుస్తుంటే అదొక్కటీ మసూచి సోకిన మొహంలా ఉంది. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని, పెదనాన్న పోయిన తర్వాత మొదటిసారి గట్టిగా, నోరారా ఏడ్చింది.

ఆఫీసులో ఆ సంగతి తెలిశాక ఆఫీసరు నన్ను పిలిచాడు. కేకలేస్తాడనుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, “మా ఊళ్ళోనూ అంతేనండి. మైలింటి ముందు ముగ్గుండదండి. నాకు తెలుసండి, తెలిసీ కూడా తట్టలేదండి” అన్నాడు. చెరిగిపోకుండా ఉండడమే గొప్ప అని రోజంతా చెప్పే కంపెనీలో పనిచేసేవాళ్ళం, మాకు అది తట్టకపోవడంలో వింతేమీ లేదు.

ఛైర్మన్ వచ్చాడు. తెల్లని జుట్టు, చేతికర్ర, మర్యాదస్థుడు. పూలదండలు, నాదస్వరం అయ్యాక వీధి చూస్తూ వచ్చి, సరిగ్గా ఆ పొక్కుల రాయి దగ్గర ఆగాడు. ఇది ఎందుకిలా ఉందని ఇంగ్లీషులో అడిగాడు. గుమ్మం లోపల చాప మీద కూర్చున్న పెద్దమ్మ, ఆయన ఏమడిగాడో భాష తెలియకపోయినా గ్రహించి, తనే చెప్పింది.

“తప్పుగా అనుకోవద్దు సారూ. ముగ్గు బాగుండాది, మీ మనిషి పాపం శానా బాగా వేసినాడు. మా ఇంటాయన పోయినాడు. ఇప్పుడు నా వాసల్లో ఏమీ ఉండకూడదు. అంతే.”

దాన్ని ఇంగ్లీషులో చెప్పమని నా వైపు చూశారు. వాసలంటే వాకిలి అని చెప్పగలను గాని, ఏమీ ఉండకూడదు అన్న మాటకు నాకు తెలిసిన ఇంగ్లీషంతా చాలలేదు. తోచినట్టు చెప్పాను. ఆయన కర్ర గోడకు ఆనించి, చేతులు కట్టుకుని, ఆ రాయి ముందు కాసేపు నిలబడ్డాడు. నాదస్వరం ఆపించారు. పత్రికలవాళ్ళు కూడా కెమెరాలు దించారు. ఆ నిలబడడం నిజం. ఆ తర్వాత మా ఇంటి ముందుకు వచ్చి, మా అమ్మ ముగ్గు పక్కన, ఇల్లాలి శ్రమకు వందనం అన్న మాటల కింద ఆయన నవ్వుతూ ఫోటో తీయించుకున్నాడు. అదీ నిజమే. ఒక మనిషిలో ఈ రెండూ ఎలా ఇముడుతాయా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. మనందరిలోనూ ఇముడుతున్నాయి, ఆయన కంపెనీ పెద్దది గనుక కనిపించింది, అంతే తేడా.

అన్న పర్మనెంటు కాలేదు. ఆ ముగ్గు వల్లనే అని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. ఇంకొన్నాళ్ళు పనిచేసి, ఆర్డర్లు తగ్గాయని తాత్కాలికులను ఆపేసినప్పుడు వాడూ ఆగిపోయి, పెదనాన్న మిషను కొట్టు తెరిచాడు. చాలాకాలం తల్లితో ముభావంగా ఉన్నాడు, పెట్టింది తినేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు. కరుమాది అయినా ఆ ఏడంతా పెద్దమ్మ ముగ్గు పిండి ముట్టలేదు. సంవత్సరీకం అయిన మర్నాడు తెల్లవారుజామున ఎందుకో మెలకువ వచ్చి కిటికీ తీశాను. అన్న చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ గరుకురాయి మీద చల్లుతున్నాడు. చల్లి, గోడ పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ పిండిగిన్నెతో వచ్చి వాడి మొహం వైపు ఒకసారి చూసి, వంగింది. ఆ గంట్ల రాతి మీద గీత సరిగ్గా నిలవదు, పిండి గుంటల్లోకి జారిపోతుంది. ఆవిడ చేతి ముగ్గు జన్మలో మొదటిసారి వంకరపోయింది, ఆ తర్వాత ఆవిడ బతికున్నంత కాలం వంకరగానే వచ్చింది. ఆవిడ దాన్ని పట్టించుకున్నట్టు నాకు కనిపించలేదు.

కంపెనీ మూతపడి చాలాకాలమైంది. మిగిలిన గడపల మీద ముగ్గులు రెండు మూడేళ్ళకే వెలిసిపోయాయి గాని చెరిగిపోలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో చావు వచ్చినప్పుడు, ఎవరో ఒకరు ఉలి పట్టుకొచ్చారు, లేకపోతే సిమెంటు పూశారు. మా అమ్మ పోయినప్పుడు నేనూ పూయించాను. పెద్దమ్మ ఇల్లు ఇప్పుడు నాలుగంతస్తుల అపార్టుమెంటు, అన్న పిల్లల దగ్గర విల్లుపురంలో ఉంటున్నాడు.

మొన్న ట్యాంకు గోడ మీది బొమ్మను ప్రారంభించిన నాడు, ఆ అపార్టుమెంటు కింది వాటాలో ఉండే ముసలావిడ పోయి రెండు రోజులు కూడా కాలేదు. ఒక్కగానొక్క కూతురు, పెళ్ళి కాలేదు, బ్యాంకులో ఉద్యోగం. పెద్ద పెద్ద సౌండు బాక్సులు పెట్టి అమ్మ మీద పాటలు వేయడం మొదలెట్టారు. కాస్త తగ్గించమని చెప్పడానికి నేను కర్ర ఊతగా వెళ్ళాను. పాటలు పెట్టే అబ్బాయి, మాకేం తెలీదు అవ్వా, ఈవెంటు వాళ్ళనడగండి అని తమిళంలో అన్నాడు. ఈవెంటు అమ్మాయి, కంపెనీ వాళ్ళెవరూ ఇక్కడ లేరండి, బెంగుళూరులో ఉంటారంది. బొమ్మ వేసినవాళ్ళు ఎవరమ్మా అంటే, వాళ్ళు వేరే కాంట్రాక్టు, వేరే ఊరికి వెళ్ళిపోయారంది. ఈ మొహం ఎవరిదీ అంటే, ఎవరిదీ కాదండీ, కంప్యూటరులో చేసిందంది. మంచి పిల్లే, నా మొహం చూసి జాలిపడి, గోడ మీద నలుపు తెలుపు గళ్ళ చదరం ఒకటి చూపించి, అక్కడ ఫోను పెడితే మన అభిప్రాయం రాయవచ్చని తనే నా ఫోను తీసి పెట్టి ఇచ్చింది. చావు ఇల్లు ఉంది, దయచేసి పాటలు ఆపండి అని రాశాను. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని వెంటనే జవాబు వచ్చింది. పాటలు ఆగలేదు.

ఆ యానాం ఆఫీసరు మీద ఇన్నేళ్ళుగా నాలో ఎక్కడో మిగిలిన చిన్న కోపం ఆ రోజు ఆ గోడ ముందు నిలబడి ఉండగా పోయింది. అతను తప్పు చేశాడు, కాని మా గుమ్మంలోకి చెప్పులు విడిచి వచ్చాడు. పెద్దమ్మ వద్దనడానికి ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, ఆ వద్దు అతనికి తగిలింది. ఇప్పుడు వందనాలు పెరిగాయి, గోడలు పెరిగాయి, వద్దని చెబుదామంటే ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియదు.

నేను వెనక్కి వచ్చి, ఆ అపార్టుమెంటు కింది వాటాలోకి వెళ్ళి, తల్లి పోయిన ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. తను లేచి కిటికీ రెక్కలు మూసింది. అయినా పాట వినపడుతూనే ఉంది, అమ్మ చేతి ముద్ద గురించి ఏదో పాట. అది అయిపోయేదాకా ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు.